వైద్యుడు స్థాపించిన బ్యాంకు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో నేడు బ్యాంకులకు కొదువ లేదు. వరి పండించు రైతు, బీడీలు చుట్టు స్త్రీ, మరమగ్గము నడుపు కార్మికుడు, గల్ఫు దేశమునుండి కుమారుడు పంపిన పైకమునకై వచ్చిన ముదుసలి తల్లి, అందఱును ఆ గడప త్రొక్కవలసినవారే. సాయంకాలమునకు తలుపులు మూతపడును, ఉద్యోగి యింటికేగును. ఆ ఊరితో అతని సంబంధము అంతటితో తీరినదా? తెలుగునాట ఈ ప్రశ్నకు తమ జీవితముతోనే సమాధానము చెప్పినవారిలో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ముఖ్యులు. వారు బ్యాంకు ఉద్యోగి కారు, బ్యాంకు స్థాపకులు. వృత్తిచే వైద్యులు.

పట్టాభిగారు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన గుండుగొలను గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము ఇప్పుడు ఏలూరు జిల్లాలోనిది. చిన్నతనముననే తండ్రి గతించెను. పేదఱికముననే ఏలూరిలో చదువు సాగించి, పిదప మచిలీపట్టణమున నోబుల్ కళాశాలలో చేరి, అచ్చట రఘుపతి వేంకటరత్నము నాయుడుగారికి శిష్యులైరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. పట్టమును, తరువాత వైద్య పట్టమును పొంది, 1906లో బందరు చేరి వైద్యవృత్తి ఆరంభించిరి. బందరు వారి స్వస్థలము కాదు. చదువు ఒకమాఱు, వృత్తి ఒకమాఱు వారిని అచ్చటికి చేర్చినవి. అయినను జీవితాంతము ఆ ఊరివారుగనే లోకము వారినెఱిగినది.

ఆ 1906వ సంవత్సరముననే దక్షిణ దేశము నొక పిడుగు తాకెను. మద్రాసులోని ఆర్బత్నాట్ కంపెనీ దివాలా తీసెను. తెల్లవారి కంపెనీ గదా, పైకమునకు భయము లేదని పింఛనుదారులు, వితంతువులు, చిన్న యుద్యోగులు తాము కూడబెట్టినదంతయు అందు దాచిరి. ఒక్క దినమున అది నీటిపాలయ్యెను. మఱుసటి యేట వి. కృష్ణస్వామి అయ్యరు మొదలగు వారి పూనికతో మద్రాసున ఇండియన్ బ్యాంకు వెలసెను. జనుల సొమ్మును జనుల మేలు కోరువారే కాపాడవలయునను తలంపు అప్పటినుండి బలపడినది.

పల్లెల స్థితి వేఱు. అచ్చట దాచుటకు సొమ్ము లేదు, తీర్చవలసిన అప్పే కలదు. ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారి మద్రాసు ప్రభుత్వము కోరగా ఐరోపా ఖండమునందలి రైతు బ్యాంకులను పరిశీలించి, 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదిక వెలువరించెను. అందు జర్మనీ దేశపు రైఫైజెన్ సంఘముల ప్రసక్తి విస్తారముగ కలదు. రైఫైజెన్ ఒక చిన్న ఊరి పాలనాధికారి. ఆయన పద్ధతిలో సంఘపు పరిధి చిన్నది, పాలకవర్గమునకు జీతము లేదు. ఎవడు కష్టజీవియో, ఎవడు తీసికొన్న అప్పు త్రాగివేయునో ఇరుగుపొరుగులకు తెలిసినట్లు దూరపు ధనికునకు తెలియదు గదా! ఆ తెలివిడియే అచ్చట తాకట్టు. జీతము లేని ఆ పనియే సంఘమునకు ప్రాణము. 1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన పిమ్మట ఈ భావము తెలుగు జిల్లాలకును ప్రాకెను. 1915లో పట్టాభిగారు కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనకు పూనుకొనిరి. పట్టణమున పోగైన నిల్వలు గ్రామసంఘములకును, వానినుండి రైతునకును చేరు త్రోవ ఇట్లేర్పడినది.

అంతకు ముందే, 1910లో, కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభిగారు కూడి బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. పుస్తక విద్యతోపాటు చేతిపనియు నేర్పవలెనని దాని ఆశయము. పగలు రోగులను చూచుచు, మిగిలిన వేళ ఇట్టి పనులకు వెచ్చించుచు పదియేండ్లు గడపి, 1916లో పట్టాభిగారు సాగుచున్న వైద్యవృత్తిని విడిచిపెట్టిరి. అందఱును అట్లు చేయలేరు, చేయనక్కఱయు లేదు. గమనింపదగినది ఆ తొలి పదియేండ్లే. వృత్తి విడువక మునుపే, తీఱిక వేళలలోనే, ఒక కళాశాలయు ఒక సహకార బ్యాంకును రూపు దాల్చినవి.

ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20వ తేదీన నమోదై, అదే నెల 28వ తేదీన పని ప్రారంభించెను. చెల్లించిన మూలధనము లక్ష రూపాయలు. అది వెలసిన ఊరు ఎట్టిది? ఒకనాడు దేశదేశముల ఓడలు వచ్చిన రేవు అది. 1864 నాటి ఉప్పెనలో వేలకొలది జనమును పోగొట్టుకొని, వ్యాపారమును క్రమముగ కోల్పోయిన పట్టణమది. లాభమొక్కటియే కోరువాడు బ్యాంకు పెట్టుటకు బందరును ఎన్నుకొనడు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ కూడ ఆ ఊరనే పుట్టినది. తాము స్థాపించిన సంస్థలలో ఉత్తర ప్రత్యుత్తరములు తెలుగున జరుగవలెనని పట్టాభిగారు పట్టుపట్టిరి. దీనిని కేవలము భాషాభిమానమని త్రోసివేయరాదు. తాను చదువలేని కాగితముపై వ్రేలిముద్ర వేయువాడు ఎంతటి బ్యాంకులోనైనను అనాథయే.

వారి రాజకీయ జీవితము జగద్విదితము. 1930లో ఉప్పు సత్యాగ్రహమున కారాగార వాసము, 1935లో కాంగ్రెసు చరిత్ర రచన, 1939లో సుభాస్ చంద్రబోసుతో పోటీచేసి అధ్యక్ష పదవికి ఓటమి, 1942నుండి అహమద్‌నగరు కోటలో నిర్బంధము, 1948లో జయపుర కాంగ్రెసు అధ్యక్షత. పాఠ్యపుస్తకములు ఆ యోటమినే ఎక్కువగ తలచుట విచారకరము. సంస్థాన ప్రజల ఉద్యమమునను వారు అగ్రగాములు, 1936లో కరాచీ నగరమున జరిగిన అఖిల భారత సంస్థాన ప్రజాసభకు అధ్యక్షులు. నిజాము రాజ్యమును అట్టి సంస్థానమే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు అందలి కరీంనగరు జిల్లాలోనివి.

ఆ రాజ్యమునకు హైదరాబాదు స్టేటు బ్యాంకు 1942లో గాని లభింపలేదు. అది వచ్చిన పిదపయు, పల్లెలో సాహుకారి మిత్తియే చాలకాలము రాజ్యమేలెను. అది నేటికిని పూర్తిగ సమసిపోలేదు. ఈ శతాబ్దపు తొలి యేండ్లలో సిరిసిల్ల నేత కార్మికులు పలువురు అప్పుల బాధకు తాళలేక ప్రాణములు తీసికొనిరి. 2016లో జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రములయ్యెను. కార్యాలయములు పెరిగినవి, బ్యాంకు శాఖలును పెరిగినవి. కాని నూటికి మూడు రూపాయల మిత్తి అనగా నెలకు మూడని, సంవత్సరమునకు ముప్పదియాఱని, పదివేల అప్పునకు నెలనెల మిత్తిపై మిత్తి కలిసినచో పండ్రెండు మాసములలో పదునాలుగు వేల రెండువందల యేబదికి పైబడునని ఎందఱికి తెలియును?

ఈ లెక్క చెప్పుటకు బ్యాంకు ఉద్యోగికన్న తగినవాడెవడు? ఒక ఆదివారము బడికి పిలిచినచో, అరగంటలో నల్లబల్లపై దీనిని చూపగలడు. పిల్లలు ఇంటికి పోయి తల్లికి చెప్పుదురు. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షా బీమాకు 2022నుండి సంవత్సరమునకు 20 రూపాయలు ఖాతానుండి తీసివేయబడుచున్నవి. ప్రమాదమున ఖాతాదారుడు మరణించినచో రెండు లక్షల రూపాయలు ఇంటివారికి రావలెను. మగ్గముపై బ్రతికిన ఇంట, బీమా ఉన్న సంగతియే తెలియక పోయినచో, అడుగువారుండరు. పరామర్శకు పోయి, ఆ కాగితములు నింపి పెట్టుట ఏ నియమావళిలోను ఉండదు. గల్ఫులోని కుమారుని పేర వచ్చిన దొంగ ఫోనుకు ఓటీపీ చెప్పరాదని వృద్ధురాలికి బోధించుటయు అట్టిదే.

ఉద్యోగులకును కష్టములు లేకపోలేదు. లక్ష్యముల ఒత్తిడి, రెండు మూడేండ్లకొక బదిలీ, పిల్లల చదువు. బదిలీపై వచ్చిన ఊరిని తనదనుకొనుట సులభము కాదు. పట్టాభిగారికి బందరు అట్లే పరాయి ఊరు. అది వారిది అయినది పుట్టుకవలన గాదు, అచ్చట చేసిన పనివలన. ఇంతకును సేవను పైయధికారుల ఉత్తరువుగ మార్చినచో అది మఱొక లక్ష్యమగును, ఫోటోతో ముగియును. పిలువవలసినవారు ఊరివారు, ముఖ్యముగ ఉపాధ్యాయులు.

1952నుండి 1957వఱకు మధ్యప్రదేశ్ గవర్నరుగ నుండి, పట్టాభిగారు 1959 డిసెంబరు 17వ తేదీన పరమపదించిరి. 1964లో భారత లక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో కలిసెను. 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకు జాతీయము చేయబడెను. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమై, బందరు వైద్యుడు పెట్టిన ఆ పేరు శాఖల పలకలపైనుండి తొలగెను.