రాబర్టు మషెట్: ఉక్కు వాదరకు ప్రాణము పోసిన శాస్త్రజ్ఞుడు

లోహపు దిమ్మ యొక్క ముఖమును సమతలముగా చెక్కుటకై మిల్లింగు యంత్రమున తిరుగు పళ్ళ బిళ్ళను ఫేసు మిల్లు అందురు. లేతు పని నేర్చిన యువకుడు ఇంటి వసారాలో ఒక చిన్న మిల్లింగు యంత్రమును నిలుపుకొనినచో, వానికి మొదట కలుగు సందేహ మిదియే: అంగడిలో తళతళలాడు ఫేసు మిల్లులలో ఏది మంచిది? పనిముట్టు యొక్క గుణము మెరుపులో లేదనియు, కంటికి కానరాని చోట, అనగా దాని వాదర యందలి లోహములో నున్నదనియు లోకమునకు చూపినవారిలో రాబర్టు ఫారెస్టరు మషెట్ అగ్రగణ్యుడు. ఆయన చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

మషెట్ 1811వ సంవత్సరము ఏప్రిలు 8వ తేదీన ఇంగ్లండు దేశమున, డీన్ అరణ్య ప్రాంతమందలి కోల్‌ఫర్డులో జన్మించెను. తండ్రియగు డేవిడ్ మషెట్ స్కాట్లండు దేశీయుడు. ఇనుము, ఉక్కుల స్వభావమును పరీక్షించుటలో పేరు గాంచినవాడు. హిందూదేశమునుండి వచ్చిన వూట్జ్ అను ఉక్కును పరీక్షించి, ఆ ఫలితములను ఆయన 1805లో లండను రాయల్ సొసైటీ పత్రికయందు ప్రకటించెను. ఈ వూట్జ్ మన దక్షిణాపథపు కమ్మరులు మట్టి మూసలలో కరగించి తీసిన ఉక్కే. మన సిద్దిపేటకు ఉత్తరమున, నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము అట్టి ఉక్కునకు ప్రసిద్ధి కెక్కిన గ్రామము. అచ్చటి ఉక్కును పారశీక వర్తకులు కత్తుల తయారీకై కొనిపోవుచుండిరి. మన కమ్మరులకు తరతరముల అనుభవమువలన తెలిసిన రహస్యమును తండ్రి ప్రయోగశాలలో వెదకగా, కుమారుడు ఆ మార్గముననే ఇంకను ముందునకు నడచెను.

1856లో హెన్రీ బెస్సెమర్ అను నాతడు కరగిన ఇనుములోనికి గాలిని ఊది, స్వల్పకాలములో ఉక్కు చేయు విధానమును ప్రకటించెను. కాని ఆ పద్ధతిని కొనినవారికి ఆశాభంగమే కలిగెను. గాలి ఇనుములోని కర్బనమును దాదాపు పూర్తిగా దహించివేయుటయే గాక, తాను కొంత లోపల నిలిచిపోవుటచే ఆ లోహము సుత్తి దెబ్బకు పగులుచుండెను. మషెట్ దీనికి విరుగుడు కనుగొనెను. మాంగనీసును, కర్బనమును కలిగిన స్పీగెల్ అను ఇనుమును తగు పాళ్ళలో కలిపినచో దోషము తొలగి, మంచి ఉక్కు సిద్ధించునని నిరూపించెను. ఆయన ఉక్కుతో చేసిన పట్టాను 1857లో డర్బీ రైలు స్టేషనున పరచిరి. అచ్చట ఇనుప పట్టాలు ఆరు మాసములకే అరిగిపోవుచుండగా, ఈ ఉక్కు పట్టా పదునారు సంవత్సరములకు పైగా నిలిచెను.

అయినను ఆ కీర్తిధనములు మషెట్‌కు దక్కలేదు. ఆయన పేటెంటును నిలుపుటకు 1859లో చెల్లింపవలసిన 50 పౌనుల సుంకమును, ఆ వ్యవహారము చూచువారు చెల్లింపరైరి. హక్కు పోయెను. ఆ పిమ్మట ఆయన విధానమును ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చునని యయ్యెను. లక్షల టన్నుల ఉక్కు తయారగుచుండగా, దానికి మూలకారకుడు అనారోగ్యముతోను, లేమితోను కాలము గడుపుచుండెను. 1866లో పదునారేండ్ల ఆయన కుమార్తె మేరీ, ఒంటరిగా లండనుకు పోయి, బెస్సెమర్‌ను కలిసికొని, తన తండ్రి పరిశ్రమ ఫలమునే ఆయన అనుభవించుచున్నాడని నిర్భయముగా తెలిపెను. పిమ్మట బెస్సెమర్ ఏటేట 300 పౌనులు మషెట్‌కు చెల్లింప నొప్పుకొనెను.

ఇంతటి నష్టము పొందినను మషెట్ పరిశోధనను విడువలేదు. ఆనాటి కోత పనిముట్లను కొలిమిలో కాల్చి, నీట ముంచి గట్టిపరచుచుండిరి. అట్టి పనిముట్టు లోహమును కోయునప్పుడు వేడెక్కి, తన గట్టిదనమును పోగొట్టుకొని మొద్దువారును. 1868లో మషెట్, ఒక ఉక్కు కడ్డీ నీట ముంచకయే, గాలిలో చల్లారినంతనే గట్టిపడుటను గమనించెను. దానిని పరీక్షింపగా అందు టంగ్‌స్టన్ అను లోహ మున్నట్లు తేలెను. అటుపై ఆయన పాళ్ళు కుదిర్చి సిద్ధపరచిన ప్రత్యేకపు ఉక్కు పనిముట్లు వెనుకటివానికంటె వేగముగా కోయుచు, మాటిమాటికి సాన పట్టనవసరము లేక పనిచేసెను. ఈ సారి ఆయన పేటెంటును నమ్మలేదు. మిశ్రమమును డీన్ అరణ్యముననే రహస్యముగా కలిపించి, షెఫీల్డు నగరమున శామ్యూల్ ఆస్బర్న్ కర్మాగారమునకు పంపుచుండెను.

1876లో ఇంగ్లండులోని ఇనుము ఉక్కుల సంస్థ ఆయనను స్వర్ణపతకముతో గౌరవించెను; ఆ పతకము బెస్సెమర్ పేరిటిదే యగుట విశేషము. మషెట్ 1891 జనవరి 29వ తేదీన చెల్టనహామ్ పట్టణమున కాలధర్మము నొందెను. ఆయన మార్గమును అనుసరించి అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ అనువారు హైస్పీడ్ ఉక్కును సాధించి, 1900లో పారిస్ ప్రదర్శనమున చూపిరి. పనిముట్టు మొన ఎర్రగా కాలియు కోత నిలుపుట చూచి జనులు విస్మయపడిరి. తరువాత 1920 ప్రాంతపు దశాబ్దములో జర్మనీదేశమున టంగ్‌స్టన్ కార్బైడు పనిముట్లు వెలువడెను. నేటి ఫేసు మిల్లు అంచున బిగించు చిన్న బిళ్ళలలో ఆ టంగ్‌స్టనే నేటికిని కోత కోయుచున్నది.

ఈ చరిత్రమునుండి మన యింటి యంత్రమునకు పనికివచ్చు పాఠములు కొన్ని గలవు. చిన్న యంత్రమునకు బలము తక్కువ, బిగువు తక్కువ. కావున 40 లేక 50 మిల్లీమీటర్ల వ్యాసము గల ఫేసు మిల్లు చాలును. పళ్ళు మూడో నాలుగో యుండుట మేలు. ఎక్కువైనచో ఒక్కొక్క పంటికి తగినంత కోత దొరకక, అది కోయుటకు మారు రాచుకొనును. పెద్ద యంత్రములకై చేసిన మొద్దు అంచు బిళ్ళలు మిక్కిలి బలము కోరును. వాడిగా సాన పట్టిన, ముందునకు వాలిన వాదర గల బిళ్ళలు మనకు తగును. బిళ్ళలు కూర్చుండు గూళ్ళన్నియు ఒకే మట్టమున నుండవలెను. ఒక పన్ను పైకి వచ్చినచో భారమంతయు దానిపై పడి, పని ముఖమున గీతలు తేలును. విద్యుత్తును ఆపి, యంత్రమును చేతితో మెల్లగా త్రిప్పుచు డయలు గేజితో దీనిని పరీక్షింపవచ్చును. అదే కొలత బిళ్ళలు రేపును దొరకునా యని కొనుటకు ముందే విచారింపవలెను. ధనము చాలనివారు ఒంటి పంటి ఫ్లై కట్టరును, అందు హైస్పీడ్ ఉక్కు ముక్కను వాడుకొనవచ్చును. పని నెమ్మది, కాని నునుపు బాగుగా వచ్చును.

వేగమును గూర్చి ఒక లెక్క. మెత్తని ఉక్కును కోయుటకు హైస్పీడ్ ఉక్కు పంటికి నిమిషమునకు 25 మీటర్ల వేగము తగును. 50 మిల్లీమీటర్ల మిల్లు అప్పుడు నిమిషమునకు సుమారు 160 చుట్లు తిరుగవలెను. కార్బైడుకు 100 మీటర్లు తీసికొనినచో సుమారు 640 చుట్లు. ఇట్టి వేగమున విరిగిన బిళ్ళ ముక్క కంటికి తగిలినచో చూపే పోవును. కావున రక్షణపు అద్దములు ధరింపక యంత్రమును ముట్టరాదు.

మషెట్ చేసిన పని లోహము లోపల దాగియుండునది. దానిని ఆయన కాలపువారు ఉపయోగించిరే కాని, చాలకాలము ఆయనను గుర్తింపలేదు. పనిముట్టు కొనునప్పుడు పై మెరుగును గాక వాదరను పరీక్షించు యువకుడు, అట్టి కానరాని శ్రమకు విలువ కట్ట నేర్చినవాడగును. మన విద్యార్థులు పనిముట్లయెడనే గాక మనుష్యులయెడను ఈ చూపును అలవరచుకొందురుగాక యని మేము కోరుచున్నాము.