కాన్‌స్టాంటైన్ చక్రవర్తి – అతని బంగారు నాణెములు

కాన్‌స్టాంటైన్ యుద్ధమునకు ముందు ఆకాశమందు సిలువ గుర్తు చూచాడని, గెలిచాడని, క్రైస్తవుడయ్యాడని సండే స్కూలు పిల్లలకు చెప్పి ముగిస్తాము. అతడు వేయించిన నాణెములు చూస్తే కథ అంత త్వరగా ముగియలేదని తెలుస్తుంది.

అతడు సుమారు క్రీ.శ. 272లో నైసస్‌లో, అనగా నేటి సెర్బియాలోని నిష్ పట్టణములో పుట్టాడు. తండ్రి కాన్‌స్టాంటియస్ సైన్యాధికారి. తల్లి హెలెనా సామాన్య కుటుంబీకురాలు. 306లో తండ్రి బ్రిటనులోని యార్క్‌లో మరణించగా సైనికులు కుమారుని చక్రవర్తిగా ప్రకటించారు.

కొద్ది సంవత్సరములకే సాలిడస్ అనే కొత్త బంగారు నాణెము వేయించాడు. ఒక రోమా పౌను బంగారముతో 72 నాణెములు. ఒక్కొక్కటి సుమారు నాలుగున్నర గ్రాములు, మన అరకాసు కంటె కాస్త ఎక్కువ. పత్రికలు లేని కాలము కదా! రాజు ముఖము, రాజు కొలిచే దేవుడు ప్రజలకు నాణెము మీదనే కనబడేవారు.

312లో రోమా నగరము బయట మిల్వియన్ వంతెన దగ్గర మాక్సెంటియస్‌ను ఓడించాడు. 313లో అతడు, తూర్పు దేశముల నేలే లిసీనియస్ కలిసి క్రైస్తవులకు ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చారు. అదే సంవత్సరము ఇటలీలోని టికీనమ్ టంకశాలలో వేసిన పెద్ద బంగారు పతకము మీద కాన్‌స్టాంటైన్ ముఖము ప్రక్కనే, కిరణముల కిరీటముతో, సూర్యదేవుడున్నాడు! 315 నాటి వెండి పతకములో శిరస్త్రాణము మీద క్రీస్తు నామపు మొదటి రెండు గ్రీకు అక్షరములున్నవి. కాని బంగారము మీద సూర్యుడు సుమారు 325 వరకు పోలేదు. అతడు కపటి అని నేననను. సైనికులలో ఎక్కువమంది అన్యులే. అయినా రెండు పడవల మీద కాళ్ళు పెట్టాడనక తప్పదు.

324లో లిసీనియస్‌ను ఓడించి, మరుసటి ఏడు నైసియా సభను పిలిచాడు. బిషప్పుల ప్రయాణ ఖర్చులు రాజువే. రాజు ఖర్చుతో వచ్చిన సంఘము రాజు మాట కాదనుట కష్టము; బాప్టిస్టులమైన మనకు మనస్సు ఒప్పనిది ఇక్కడే. ఆ రోజులలోనే బంగారము మీద కొత్త ముఖము వచ్చింది: కన్నులు పైకెత్తిన ముఖము. అది ప్రార్థన అని కైసరయ బిషప్పు యూసేబియస్ వ్రాశాడు. అలెగ్జాండరు బొమ్మలూ అలాగే ఉండేవని చరిత్రకారులంటారు.

326లో పెద్ద కుమారుడు క్రిస్పస్‌కు మరణశిక్ష విధించాడు. తండ్రి పక్షమున యుద్ధము గెలిచినవాడు, తన ముఖము కూడ బంగారు నాణెములపై ఉన్నవాడు. ఆ నాణెములు ఆగిపోయాయి. కొద్ది కాలమునకు భార్య ఫౌస్టా కూడ చంపబడింది. కారణము నేటికీ తేలలేదు.

337లో జబ్బుపడి, నికొమీడియా దగ్గర అప్పుడు బాప్తిస్మము పొందాడు. పాపములన్నీ ఒక్కసారే కడుగబడాలని ఆ కాలమున చాలామంది చివరి వరకు ఆగేవారు. ఊదారంగు రాజవస్త్రము మరల ముట్టలేదు. మే 22, పెంతెకొస్తు దినమున తెల్లబట్టలతోనే కన్నుమూశాడు.

తరువాత కుమారులు చిన్న కంచు నాణెము వేయించారు. అందులో ముసుగు వేసుకొని నాలుగు గుర్రముల రథముపై పైకి వెళ్తున్నాడు. చనిపోయిన చక్రవర్తిని దేవునిగా చేయుటకు రోమావారు వాడిన పాత బొమ్మే అది. పైన మాత్రము, ఆకాశము నుండి ఒక చెయ్యి అతని వైపు చాచి ఉన్నది.