గిడుగు వదిలేసిన ఊరు

ఆగస్టు 29న అందరం గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటోకి దండేస్తాం. వాడుక భాష కోసం పోరాడారని చెప్పుకుంటాం. ఆయన ఊరు వదిలిన సంగతి మాత్రం నాకు ఈమధ్యే తెలిసింది.

1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడిలో మాష్టారుగా చేరారు. సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు.

బ్రిటిష్‌వాళ్ళు ఒరిస్సాని వేరే రాష్ట్రం చేస్తుంటే, పర్లాకిమిడి రాజావారు తమ ఊరు అటు కలవాలన్నారు. తెలుగువాళ్ళ తరఫున పంతులుగారు ఎదురు నిలిచారు. ఓడిపోయారు. 1936 ఏప్రిల్ 1న, కొత్త రాష్ట్రం మొదలైన రోజునే, 72 ఏళ్ళ వయసులో ఇల్లూ ఆస్తీ వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940లో కన్నుమూశారు.

పక్కవాళ్ళ భాషని అంత ప్రేమగా నేర్చుకున్న మనిషికి ఒడియా మీద కోపం ఉండదనుకుంటాను. కోపమంతా లండన్‌లో ఖాయమైన గీత మీదే. మన పాతపట్నం దాటితే పర్లాకిమిడే. ఈ సెలవుల్లో వెళ్ళొస్తాను.