మీ పెళ్లి చెల్లదన్న చట్టం, జైలుకెళ్లిన కస్తూర్బా

కస్తూర్బా అనగానే గాంధీగారి పక్కన తెల్లచీరలో కూర్చున్న పెద్దావిడ మీ కళ్ల ముందు మెదులుతారు. ఆమె ఒక వలస కుటుంబపు ఇల్లాలు కూడా. భర్త కాంట్రాక్టు మీద దేశం దాటడం, ఏడాదన్న పని ఏళ్లకేళ్లు సాగడం, పరాయి దేశపు చట్టం కాపురం మధ్యలోకి రావడం, ఇవన్నీ ఆమె పడినవే.

1869లో గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్లి. ఆడపిల్లకు చదువెందుకు అనుకునే రోజులవి, బడికి పోలేదు. 1888లో భర్త లా చదవడానికి లండన్ బయల్దేరితే, సముద్రం దాటడం తప్పంటూ కులపెద్దలు ఆయన్ని వెలేశారు. పసిబిడ్డతో కస్తూర్బా మూడేళ్లు అత్తింట్లోనే ఉన్నారు. ఆయన తిరిగొచ్చాక కూడా కులంలో ఒక వర్గం వెలి ఎత్తలేదు. దాంతో సొంత అల్లుడికి ఆమె పుట్టింట్లో మంచినీళ్లు కూడా పుచ్చుకునే వీల్లేకపోయింది. పనికోసం ఎక్కడికి పోవచ్చు, పోతే ఇంటోళ్లకు ఏమవుతుంది అన్నది అప్పట్లో కుల కట్టుబాటే తేల్చేది.

1893లో దాదా అబ్దుల్లా కంపెనీ కేసు పనిమీద గాంధీ దక్షిణాఫ్రికా వెళ్లారు. ఒప్పందం ఒక్క ఏడాదికే, 105 పౌండ్లకు. ఆ ఏడాది మూడేళ్లయింది. 1896 చివర్లో భార్యాపిల్లల్ని తీసుకెళితే, డర్బన్ రేవులో మూడు వారాలకు పైగా ఓడ దిగనివ్వలేదు. అక్కడ మర్యాదగా కనబడాలని కస్తూర్బాకు పార్శీ పద్ధతిలో చీర, కాళ్లకు మేజోళ్లు, బూట్లు అలవాటు చేయించారు ఆయన. కాళ్లు నొప్పి పుట్టినా ఆమె ఓర్చుకున్నారు.

అన్నిటికీ తలూపలేదు మాత్రం. 1901లో ఇండియాకు బయల్దేరేటప్పుడు అక్కడి మనవాళ్లు బంగారం, వెండి కానుకలిచ్చారు. ఆమెకు 50 గినీల బంగారు హారం వచ్చింది. అన్నీ ప్రజల పనికి ట్రస్టులో పెడదామన్నారు గాంధీ. రేపు వచ్చే కోడళ్లకు ఏం పెడతామని, ఆయన సేవలో తన చాకిరీ లేదా అని ఆమె ఏడ్చి వాదించారు. చివరికి ఆయన మాటే నెగ్గింది. కానీ ఇంటి చాకిరీకి లెక్క ఎవరు కడతారన్న ఆమె ప్రశ్న ఈరోజుకీ మన ఇళ్లల్లో అలాగే ఉంది.

గాంధీ బారిష్టరు. అదే నేలమీద చెరకు తోటల్లో, బొగ్గు గనుల్లో చాకిరీ చేసిన మనవాళ్ల గతి వేరు. 1860 నుంచి 1911 వరకు సుమారు లక్షన్నర మంది అగ్రిమెంటు కూలీలుగా నాటాల్‌కు వెళ్లారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఎంతోమంది. అయిదేళ్ల గడువు తీరాక అక్కడే ఉండాలంటే ఏటా మనిషికి 3 పౌండ్ల పన్ను. నెలకు 14 షిల్లింగులు వచ్చేవాడికి అది నాలుగు నెలల జీతం పైమాటే. భార్యకూ, ఎదిగిన పిల్లలకూ వేరుగా కట్టాలి. కట్టలేకపోతే మళ్లీ అగ్రిమెంటుకే పోవాలి.

దానికి తోడు 1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఒకరికి మించి భార్యల్ని ఒప్పుకునే మతాల పద్ధతిలో జరిగిన పెళ్లి అక్కడ చెల్లదని దాని సారాంశం. అంటే హిందువుల, ముస్లింల ఇల్లాళ్లు ఒక్కరోజులో చట్టం లెక్కలో భార్యలు కాకుండా పోయారు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన కస్తూర్బా కూడా అంతే. పిల్లల వారసత్వం కూడా ప్రమాదంలో పడింది.

ఆ సెప్టెంబరులో ఆమె మరికొందరితో కలిసి పర్మిట్ లేకుండా సరిహద్దు దాటి అరెస్టయ్యారు. మూడు నెలల కఠిన శిక్ష. బయటికొచ్చేసరికి ఎముకల గూడులా ఉన్నారు. మరో మహిళల బృందం న్యూకాజిల్ గనులకు వెళ్లి కూలీల్ని కదిలిస్తే, సమ్మె చెరకు తోటల దాకా పాకింది. 1914లో ప్రభుత్వం దిగొచ్చింది. పన్ను రద్దయింది. ఒక్కో మనిషికి ఒక భార్య లెక్కన మన పెళ్లిళ్లకు గుర్తింపు వచ్చింది.

కస్తూర్బా 1944 ఫిబ్రవరి 22న పుణేలో, ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలోనే కన్నుమూశారు.

ఇప్పుడు మీ సంగతికి రండి. బాజాలు మోగాయి, ఊరంతా చూసింది, అదే పెళ్లికి రుజువని మనం అనుకుంటాం. ఫ్యామిలీ వీసా కౌంటర్లో ఆ రుజువు పనికిరాదు, పెళ్లి సర్టిఫికెట్ అడుగుతారు. జరగరానిది జరిగితే జీతం బాకీ, ఇన్సూరెన్స్ కోసం తిరిగే భార్యనూ ఇదే అడుగుతారు. పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంటూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే చట్టం వచ్చింది. ఈసారి సెలవుకు ఇంటికెళ్లినప్పుడు ఆ పని పూర్తి చేసుకోండి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి ఇంటావిడ దగ్గర ఉండాలి.