నేతగాళ్ల బొమ్మలు అచ్చు వేసిన కేటె కోల్విట్స్

కేటె కోల్విట్స్ పేరు మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. నేను లైబ్రరీలో ఒక పాత చిత్రకళ పుస్తకం తిరగేస్తుంటే ఆమె బొమ్మ ఒకటి కంటబడింది. ఒక చిన్న చీకటి గది, అందులో ఒక మగ్గం, మంచం మీద జబ్బుపడిన బిడ్డ, ఆ బిడ్డ మీదికి వంగి తల పట్టుకున్న తల్లి. ఏ దేశమో తెలియకముందే ఇది మనకు తెలిసిన ఇల్లే అనిపించింది. షోలాపూర్‌లో మన ముత్తాతలు తెలంగాణ నుంచి మగ్గం పని కోసమే వచ్చారు కదా. మగ్గం చప్పుడు వినకుండా పెరిగిన వాళ్లం మనలో ఎంతమందిమి ఉంటాం? అందుకే ఈ సంచికకు ఆమె జీవితం రాస్తున్నాను.

కేటె 1867 జులై 8న కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టింది. అప్పుడది జర్మనీ తూర్పు కొస, ఇప్పుడు రష్యాలో ఉంది, పేరు కలినిన్‌గ్రాడ్. తండ్రి కార్ల్ ష్మిట్ లా చదివారు. కానీ ఆయన రాజకీయ భావాలకు సర్కారు కొలువు సరిపడదని తాపీ పని నేర్చుకుని ఇళ్లు కట్టించేవారు. తల్లి తండ్రి, అంటే తాతగారు, అధికార చర్చితో విభేదించి బయటికి వచ్చి సొంతంగా ఒక ప్రార్థనా సంఘం పెట్టుకున్న పాస్టరు. నమ్మినదాని కోసం నష్టపోవడం ఆ ఇంట్లో కొత్త సంగతి కాదన్నమాట.

కూతురు బొమ్మలు బాగా వేస్తోందని తండ్రే ముందు గమనించారు. 14 ఏళ్లప్పుడు ఆ ఊళ్లోనే ఉన్న రుడాల్ఫ్ మౌవర్ అనే రాగి చెక్కడం పనివాడి దగ్గర డ్రాయింగ్ నేర్చుకోవడానికి పంపారు. ఆ తర్వాతే చిక్కొచ్చింది. కోనిగ్స్‌బర్గ్‌లో కళల అకాడమీ ఉంది, కానీ ఆడపిల్లల్ని చేర్చుకోరు. బెర్లిన్‌లోనూ అంతే, మ్యూనిక్‌లోనూ అంతే. చిత్రకారిణి కావాలనుకున్న పిల్ల ఎక్కడికెళ్లాలి?

జవాబు బెర్లిన్ ఆడవాళ్లే వెతికి పెట్టారు. కేటె పుట్టిన ఏడాదే, 1867లో, అక్కడి చిత్రకారిణులు ఒక సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది దానికి ఒక బడి జోడించారు. అకాడమీ ఇవ్వని చదువుని తామే ఏర్పాటు చేసుకున్నారు. పౌలా మోడర్జోన్-బెకర్ లాంటి పేరున్న చిత్రకారిణి కూడా తర్వాత అక్కడే చదివింది. కేటె సుమారు 18 ఏళ్ల వయసులో ఈ బడిలో చేరింది. అక్కడ కార్ల్ స్టౌఫర్-బెర్న్ అనే గురువు ఆమె గీతల్ని చూసి, మాక్స్ క్లింగర్ అనే కళాకారుడి ఎచింగ్‌ల వరుస చూడమన్నాడు. ఒక స్త్రీ బతుకు ఎలా చితికిపోయిందో ఒక బొమ్మ తర్వాత ఒక బొమ్మగా కథలా చెప్పే వరుస అది. రంగులతో పెయింటింగులు వెయ్యాలని వచ్చిన పిల్లకి తన దారి రంగుల్లో లేదేమోనన్న ఆలోచన అక్కడ మొదలైంది. తర్వాత మ్యూనిక్‌లోనూ ఆడవాళ్ల కళాశాలలోనే చదివింది.

ఎచింగ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. రాగి రేకు మీద మైనం లాంటి పూత పూస్తారు. సూదితో ఆ పూతని గీకుతూ బొమ్మ గీస్తారు. తర్వాత రేకుని యాసిడ్‌లో ముంచితే, పూత పోయిన చోట మాత్రమే యాసిడ్ రాగిని తిని గాడి చేస్తుంది. పూత అంతా తీసేసి, గాడుల్లో సిరా నింపి, పైన మిగిలింది తుడిచి, తడి కాగితం పెట్టి ప్రెస్‌లో గట్టిగా నొక్కితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. రేకు మీద కుడి పక్కన గీసింది కాగితం మీద ఎడమ పక్కన పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క రేకు నుంచి ఎన్నో కాగితాలు తియ్యొచ్చు. పెయింటింగ్ ఒక్క ధనవంతుడి గోడకే పోతుంది. అచ్చు బొమ్మ కొద్ది డబ్బుతో చాలామంది చేతుల్లోకి పోతుంది. కేటెకి కావలసింది ఇదే.

1891లో ఆమె కార్ల్ కోల్విట్స్ అనే డాక్టరుని పెళ్లి చేసుకుంది. పెళ్లయితే కూతురి కళ ఆగిపోతుందని తండ్రి దిగులు పడ్డారు. ఆ రోజుల్లో అది ఉత్త భయం కాదు. కార్ల్ దర్జీల ఆరోగ్య నిధిలో డాక్టరు. బెర్లిన్ ఉత్తర భాగంలో, కార్మికులు కిక్కిరిసి ఉండే పేటలో కాపురం. అదే ఇంట్లో ఆయన వైద్యశాల, ఆమె పని గది కూడా. వైద్యశాలకు వచ్చే ఆడవాళ్లు జబ్బుతో పాటు ఇంట్లో కష్టాలూ చెప్పుకునేవాళ్లు. పని పోయిన మగడు, తాగుడు, పాలు చాలని బిడ్డ, వద్దనుకున్న కడుపు. కేటె వాళ్లతో మాట్లాడేది, వాళ్ల ముఖాలు, చేతులు గీసేది. మా నానమ్మ బీడీలు చుట్టేటప్పుడు ఆమె వేళ్లు ఎలా ఉండేవో నాకు గుర్తుంది. కేటె బొమ్మల్లో చేతులు చూస్తే అవే వేళ్లు. లావుగా, అలిసిపోయి, అయినా ఖాళీగా ఉండవు.

1892లో పెద్ద కొడుకు హాన్స్, 1896లో చిన్నవాడు పేటర్ పుట్టారు. ఈ రెండు కాన్పుల మధ్యే ఆమె తన మొదటి గొప్ప పని మొదలుపెట్టింది. 1893లో గెర్‌హార్ట్ హౌప్ట్‌మన్ రాసిన నేతగాళ్ల నాటకం చూసింది. బహిరంగంగా ఆడకూడదని పోలీసులు నిషేధించినందువల్ల, ఒక నాటక సంఘం సభ్యులకు మాత్రమే ఆడిన ప్రదర్శన అది. 1844లో సైలీషియా ప్రాంతంలో జరిగిన తిరుగుబాటే ఆ కథ. అక్కడి నేతగాళ్లు ఇంట్లో నేసి వ్యాపారులకు ఇచ్చేవాళ్లు. మిల్లు బట్ట పోటీకి వచ్చేసరికి వ్యాపారులు కూలి తగ్గిస్తూ పోయారు. ఆకలికి తాళలేక నేతగాళ్లు లేచారు, సైన్యం కాల్పులు జరిపింది. కూలి ఎందుకు తగ్గుతుందో, ఆ తగ్గిన రోజు ఇంట్లో ఎలా ఉంటుందో మన షోలాపూర్ వాళ్లకి వేరే వివరించక్కర్లేదు.

నాలుగేళ్లు పట్టి ఆరు బొమ్మలు చేసింది. మొదట అన్నీ ఎచింగ్‌లోనే చేద్దామనుకుంది గానీ చెయ్యి ఇంకా పూర్తిగా తిరగలేదు. అందుకని మూడింటిని లిథోగ్రాఫ్‌లో, అంటే రాతి మీద జిడ్డు పెన్సిల్‌తో గీసి అచ్చు తీసే పద్ధతిలో చేసింది. మొదటిది నేను పైన చెప్పిన మగ్గం ఉన్న గది. రెండోదాంట్లో చావు ఆ ఇంట్లోకి వస్తుంది. మూడోదాంట్లో బల్ల చుట్టూ మగవాళ్లు గుసగుసలాడతారు. నాలుగోది ఊరేగింపు, అందులో ఒక తల్లి నిద్రపోయిన బిడ్డని వీపున మోస్తూ నడుస్తుంది. అయిదోదాంట్లో యజమాని ఇంటి గేటు ముందు ఆడవాళ్లు వీధి రాళ్లు పీకి అందిస్తారు. ఆరోదాంట్లో శవాలను మళ్లీ ఆ మగ్గాల గదిలోకే మోసుకొస్తారు. ఆరింటిలోనూ ఎక్కువ బరువు మోసేది ఆడవాళ్లే.

ఈ బొమ్మలు ప్రదర్శనకు రాకముందే తండ్రి చనిపోయారు. 1898లో బెర్లిన్ మహా ప్రదర్శనలో వాటిని చూసి, పండితుల సంఘం చిన్న బంగారు పతకానికి సిఫారసు చేసింది. ఆ సంఘంలో మెంట్సెల్ అనే పేరుమోసిన వృద్ధ చిత్రకారుడు కూడా ఉన్నాడు. కానీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ పతకం ఇవ్వనివ్వలేదు. మరుసటి ఏడాది డ్రెస్డెన్‌లో పతకం ఇచ్చారు.

అదే 1898లో ఇంకో సంగతి జరిగింది. నాకు పతకం కంటే ఇది పెద్దదిగా అనిపిస్తుంది. తను చదువుకున్న ఆ ఆడవాళ్ల బడికే కేటె పంతులమ్మగా వెళ్లింది. కొన్నేళ్లపాటు అక్కడ అచ్చు చిత్రాలు, డ్రాయింగ్ నేర్పింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి, ఇంట్లో వైద్యశాల, చేతిలో రాగి రేకులు, అయినా వెళ్లింది. తనకి అందిన విద్యని వెనక వచ్చేవాళ్లకి అందించింది. 1913లో చిత్రకారిణుల హక్కుల కోసం పెట్టిన మరో సంఘం స్థాపకుల్లో కూడా ఆమె ఒకరు. అకాడమీల్లో సీట్లు, ప్రదర్శనల కమిటీల్లో చోటు ఆడవాళ్లకూ ఇవ్వాలని వాళ్లు అడిగారు. బెర్లిన్ అకాడమీ బడి తలుపు ఆడవాళ్లకి తెరుచుకుంది 1919లో. ఆ ఏడాదే కేటెను ప్రష్యా కళల అకాడమీ సభ్యురాలిగా ఎన్నుకుని, ప్రొఫెసర్ బిరుదు ఇచ్చారు. తనకి చిన్నప్పుడు సీటు ఇవ్వని లోకమే తర్వాత కుర్చీ వేసింది.

కానీ అప్పటికి ఆమె ఇంట్లో ఒక కుర్చీ ఖాళీ అయింది. 1914లో యుద్ధం వచ్చినప్పుడు 18 ఏళ్ల పేటర్ సైన్యంలో చేరతానన్నాడు. వయసు చాలదు, తండ్రి సంతకం కావాలి. తండ్రి వద్దన్నాడు. కొడుకు తరఫున తండ్రిని ఒప్పించింది కేటెనే. ఆ అక్టోబరులోనే పేటర్ బెల్జియంలో చనిపోయాడు.

ఆమె జీవితంలో ఈ భాగం రాయడం నాకు కష్టంగా ఉంది. పేదవాళ్ల కోసం బొమ్మలు చేసిన మనిషి, తన బిడ్డ విషయంలో దేశభక్తి మాటలు నమ్మింది. తర్వాత ఆ నిజం దాచుకోలేదు. కొడుక్కి స్మారక శిల్పం చేద్దామని వెంటనే మొదలుపెట్టింది. చేసింది నచ్చక ఆపేసింది, మళ్లీ మొదలుపెట్టింది. చివరికి 1932లో పేటర్ ఉన్న శ్మశానంలో రెండు రాతి విగ్రహాలు నిలబెట్టారు. మోకాళ్ల మీద కూర్చున్న తల్లి, తండ్రి. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నా ఒకరినొకరు పట్టుకుని లేరు, ఎవరి దుఃఖంలో వాళ్లున్నారు. వీరుడి బొమ్మ ఎక్కడా లేదు. కొడుకు బతికింది 18 ఏళ్లు, ఆ శిల్పానికి పట్టింది కూడా 18 ఏళ్లు.

ఈ మధ్యలోనే ఆమె పనిముట్టు మారింది. యుద్ధం గురించి చెప్పడానికి ఎచింగ్‌లోని సన్నని గీతలు చాలవనిపించింది. 1920లో ఎర్నస్ట్ బార్లాఖ్ చేసిన చెక్క అచ్చులు చూశాక తనూ ఉలి పట్టింది. చెక్క అచ్చు మన అద్దకం అచ్చు లాంటిదే. తెల్లగా ఉండాల్సిన చోట చెక్కేస్తారు, మిగిలినదానికి సిరా అంటుతుంది. గీత తప్పు పడితే చెరపడానికి లేదు. అలా యుద్ధం మీద ఏడు బొమ్మలు చేసింది. ఒకదాంట్లో కుర్రాళ్లు డప్పు కొడుతున్న చావు వెంట పోతుంటారు, చావు పక్కనున్న మొదటి కుర్రాడే పేటర్. ఇంకోదాంట్లో తల్లులందరూ గుంపుగా దగ్గరికి చేరి పిల్లల్ని చేతులతో కమ్మేస్తారు. ఇందులో ఒక్క తుపాకీ లేదు, ఒక్క శత్రువు లేడు. యుద్ధం ఇంటికి ఏం చేస్తుందో మాత్రమే ఉంది. 1924లో యుద్ధం ఇక వద్దని, పిల్లలు ఆకలితో ఉన్నారని పోస్టర్లు చేసింది. వాటిని వీధుల్లో గోడల మీద అతికించారు.

1928లో అకాడమీలో అచ్చు చిత్రాల విభాగానికి అధిపతి అయింది. 1933లో హిట్లర్ వచ్చాడు. నాజీలను ఆపడానికి వామపక్షాలు ఒక్కటి కావాలన్న విజ్ఞప్తి మీద సంతకం పెట్టినందుకు ఆమెతో బలవంతంగా రాజీనామా చేయించారు. అకాడమీలోని పని గది పోయింది. తర్వాత ప్రదర్శనలూ ఆగిపోయాయి. 1936లో గెస్టపో వాళ్లు ఇంటికి వచ్చి నిర్బంధ శిబిరానికి పంపుతామని బెదిరించారు. దేశం వదిలి వెళ్లలేదు, పని మానలేదు. 1940లో భర్త పోయారు. 1942లో, చనిపోయిన కొడుకు పేరే పెట్టుకున్న మనవడు పేటర్ రష్యాలో యుద్ధంలో చనిపోయాడు. ఆమె చివరి లిథోగ్రాఫ్‌లో ఒక ముసలి తల్లి తన రెండు చేతుల కింద ముగ్గురు పిల్లల్ని దాచుకుంటుంది. విత్తనాలకు దాచిన గింజల్ని పిండి పట్టించకూడదు అన్నదే ఆ బొమ్మ పేరుకు అర్థం. వ్యవసాయం తెలిసిన మన పెద్దవాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు.

1943 నవంబరులో బాంబులు పడి ఆమె 50 ఏళ్లకు పైగా కాపురం చేసిన ఇల్లు కాలిపోయింది, చాలా బొమ్మలు పోయాయి. అప్పటికే ఆమెను బెర్లిన్ నుంచి బయటికి తరలించారు. డ్రెస్డెన్ దగ్గర మోరిట్స్‌బుర్గ్‌లో 1945 ఏప్రిల్ 22న కన్నుమూసింది. ఐరోపాలో యుద్ధం ముగియడానికి అప్పటికి ఇంకా 16 రోజులు ఉంది. ఆమె ఉన్న వీధికి ఇప్పుడు ఆమె పేరే పెట్టారు.

ఇల్లు కాలినా కేటె బొమ్మలు మిగిలాయంటే అవి అచ్చు బొమ్మలు కావడం వల్లే. ఒక ప్రతి కాలిపోతే ఇంకో ఊళ్లో ఇంకో ప్రతి ఉంది. 1867లో బెర్లిన్ ఆడవాళ్లు పెట్టుకున్న ఆ సంఘం కూడా ఇప్పటికీ నడుస్తోంది. మన గోడపత్రిక మాత్రం చేత్తో రాసిన ఒకే ఒక్క ప్రతి. తర్వాతి సంచిక శీర్షికను చెక్క మీద చెక్కి అచ్చు తీద్దామని నా ఆలోచన. అక్షరాలు తిరగేసి చెక్కాలి, మన తలకట్లు, ఒత్తులు కాస్త ఇబ్బంది పెడతాయి. చెయ్యి కలిపేవాళ్లు ఈ కాగితం కింద పేరు రాయండి. ఉలి పట్టడం రానివాళ్లు కూడా రాయండి, కలిసే నేర్చుకుందాం.