వాడి నుంచి బెజవాడకు: నైజాం రైలుకు నిండు మనసుతో

1874 అక్టోబరు 9న వాడి, సికింద్రాబాదుల మధ్య రైలు దారి తెరుచుకుంది. ఆ దారికి 150 ఏళ్లు నిండాయి. సికింద్రాబాదుకు పొగబండి దారి కలిసిన రోజు అది. తాండూరు, వికారాబాదు, శంకర్‌పల్లి, లింగంపల్లి, బేగంపేట అని ఇవాళ మనం వరసగా చదివే స్టేషన్ల పేర్లన్నీ ఆ దారి మీదివే. ఇంత కాలం ఎండకూ వానకూ ఓర్చి, కోట్ల మందిని గమ్యం చేర్చిన ఆ దారికీ, దాన్ని పుట్టించిన కష్టానికీ, కాపాడుతున్న చేతులకూ ఈ పండుగ వేళ మనసారా అభినందనలు.

పుట్టుక తేలిగ్గా జరగలేదు. 1871 నాటికే బొంబాయి నుంచి రాయచూరుకు గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీ రైలు వచ్చేసింది. ఆ దారి నైజాం రాజ్యంలోని వాడి గుండానే పోయింది. వాడి నుంచి రాజధానికి ఒక కొమ్మ వేస్తే చాలు, హైదరాబాదుకు సముద్రం దగ్గరవుతుంది. 1870లోనే బ్రిటిష్ ప్రభుత్వానికీ నైజాం సర్కారుకూ ఒప్పందం కుదిరింది. ఖర్చు నైజాం ఖజానాది. పట్టాల వెడల్పు మాత్రం బ్రిటిష్ వారి పట్టుదల ప్రకారం బ్రాడ్‌గేజ్. సికింద్రాబాదులో వారి కంటోన్మెంటు ఉంది. బొంబాయిలో ఎక్కిన పటాలం మధ్యలో బండి మారకుండా నేరుగా అక్కడ దిగాలి. మొదటి రైలు హైదరాబాదు కోటగోడల దాకా కాకుండా సికింద్రాబాదులో ఆగడంలోనే అది ఎవరి అవసరం కోసం వచ్చిందో తెలుస్తుంది.

అయితే దారి ఒకసారి పడ్డాక, అది పటాలాలకే పరిమితమై ఉండదు. మొదట సిపాయిలు ఎక్కిన బండిలోనే తర్వాత పత్తి బేళ్లు ఎక్కాయి, తాండూరు బండలు ఎక్కాయి, చదువుకోవడానికి పట్నం బయల్దేరిన కుర్రాళ్లు ఎక్కారు, ప్రసవానికి పుట్టింటికి పోయే ఆడపిల్లలు ఎక్కారు. వేసినవాడి ఉద్దేశాన్ని ఎక్కినవాళ్లు మార్చేశారు. ఈ దారిని నేను ప్రేమించడానికి మొదటి కారణం ఇదే.

కట్ట పోసిందీ, రాయి కొట్టిందీ, తూములు కట్టిందీ ఎవరు? దక్కన్‌లో ఎక్కడ మట్టి పని ఉన్నా, ఎక్కడ రాతి పని ఉన్నా కనిపించేది వడ్డెర కుటుంబాలే. గునపం, సుత్తి, తట్ట వారి సొత్తు. మొగుడు తవ్వితే పెళ్లాం మోసింది, పిల్లలు కంకర ఏరారు. ఇంజనీర్ల పేర్లు రికార్డుల్లో దొరుకుతాయి. వీళ్ల పేర్లు దొరకవు. 150 ఏళ్ల పండుగలో పూలదండ పడాల్సిన మొదటి మెడ వీళ్లదే.

ఇక 1883 సంగతికి వస్తాను. నా లెక్కలో ఈ రైలు చరిత్రకు గుండెకాయ ఆ సంవత్సరం.

ఆ ఫిబ్రవరిలో మొదటి సాలార్‌జంగ్ కన్నుమూశారు. మూడు దశాబ్దాల పాటు దివానుగా రాజ్యాన్ని నడిపిన మనిషి. నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంకా పాలనాధికారం చేతికి రాని బాలుడు. సరిగ్గా ఆ సంధికాలంలో, ఉన్న రైలు దారిని ఒక కొత్త కంపెనీకి అప్పగించి, ఇటు బెజవాడ వైపు, అటు బొగ్గు గనులున్న చాందా వైపు పొడిగించాలనే పథకం ముందుకొచ్చింది. కంపెనీ పుట్టేది లండన్‌లో. డైరెక్టర్లు కూర్చునేది లండన్‌లో. పట్టాలు మాత్రం ఓరుగల్లు చెరువుల మధ్య, మానుకోట అడవుల అంచున.

ఈ కంపెనీ ఏర్పాటు ఎలా ఉంటుందో కాస్త నిదానంగా చెప్పుకోవాలి. కంపెనీ లండన్ మార్కెట్లో వాటాలు అమ్మి డబ్బు పోగుచేస్తుంది. ఆ డబ్బుతో దారి వేసి రైళ్లు నడుపుతుంది. వచ్చిన రాబడి నూటికి 5 వంతున వడ్డీకి సరిపోతే సరే. సరిపోకపోతే ఆ లోటు నైజాం ఖజానా పూడ్చాలి. 20 ఏళ్ల పాటు ఆ పూచీ సర్కారుది. కంపెనీ పేరులోనే ‘గ్యారంటీడ్’ అనే మాట ఉంది: హిజ్ హైనెస్ ది నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వేస్ కంపెనీ. వాటా కొన్న లండన్ పెద్దమనిషికి నష్టభయం లేదు. ఖజానా నిండేది రైతు కట్టే శిస్తుతో కాబట్టి, నష్టం వస్తే భరించేది మెదక్ రైతూ, నల్లగొండ రైతూ. వారినెవరూ అడగలేదు. మన దేశంలో తొలి రైలు కంపెనీలన్నీ ఇంచుమించు ఇదే పద్ధతిలో పుట్టాయి. హైదరాబాదులో మాత్రం ఆ పద్ధతిని జనం నిలదీశారు.

ఆ నిలదీసిన వాళ్లలో ముందు వరసలో అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఉన్నారు. బెంగాల్లో పుట్టి, ఎడిన్‌బరోలో సైన్సులో డాక్టరేటు పొంది, హైదరాబాదులో చదువులు నిలబెట్టడానికి వచ్చిన మనిషి. ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఆయనకు తోడుగా నిలిచారు. వాళ్లు రైలు వద్దనలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లను అభివృద్ధికి అడ్డుపడ్డవారిగా చిత్రించడం చాలా సులువు. వాళ్లు కోరింది ఒక్కటే: ఒప్పందం షరతులు బయటపెట్టండి, జనం చదివి చర్చించుకున్నాక సంతకం పెట్టండి. పట్టణంలో కమిటీ ఏర్పడింది, సభలు జరిగాయి, పత్రికలు రాశాయి. హిందువులూ ముస్లిములూ, ఉద్యోగులూ చదువరులూ ఒకే ప్రశ్న మీద కలిశారు. సంస్థానపు నేల మీద, రాజు మాటే చట్టమైన చోట, ఖజానా డబ్బు గురించి ప్రజలు లెక్క అడిగారు. కాంగ్రెస్ సంస్థ పుట్టడానికి ఇంకా రెండేళ్లుంది.

జవాబుగా సర్కారు 1883 మే 20న అఘోరనాథ్‌ను హైదరాబాదు నుంచి బహిష్కరించింది. అప్పటికి ఆయన కూతురు సరోజినికి నాలుగేళ్లు. ఆ పాపే తర్వాత సరోజినీ నాయుడు. కొన్నేళ్లకు ఆయన తిరిగి వచ్చారు. నిజాం కాలేజీకి తొలి ప్రిన్సిపాల్‌గా తరాలను తీర్చిదిద్దారు. ఊరు వెళ్లగొట్టినా ఊరి మీద అలగని మనసు అది.

ఒప్పందం మాత్రం ఆగలేదు. 1883 చివర కుదిరింది. 1885 జనవరి 1 నుంచి దారి కంపెనీ చేతికి వెళ్లింది. ప్రశ్న అడిగినవాళ్ల భయం ఉత్తది కాదని కాలం తేల్చింది. ఈ బేరాలను లండన్‌లో నడిపిన సర్దార్ అబ్దుల్ హక్ పేరు, నైజాం రాజ్యంలోని గనుల కోసం పెట్టిన కంపెనీ వాటాల వ్యవహారంలో రచ్చకెక్కింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటే దాని మీద విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. అయిదేళ్ల ముందు హైదరాబాదులో కొందరు అడిగిన ప్రశ్నలకు జవాబులు వెతకడానికే లండన్‌లో పెద్దలు కూర్చున్నారన్నమాట.

దారి సంగతి వేరు. దాని తప్పు ఏమీ లేదు. 1886కు ఓరుగల్లు చేరింది. 1888కి డోర్నకల్లు చేరి, అక్కడి నుంచి ఒక కొమ్మ ఇల్లందు బొగ్గు దగ్గరికి పోయింది. 1889లో బెజవాడను తాకింది. సికింద్రాబాదు నుంచి బెజవాడకు 350 కిలోమీటర్లు. మూసీ ఒడ్డుకూ కృష్ణ ఒడ్డుకూ మధ్య చుట్టరికం కలిసింది. నైజాం ఇలాకా తెలుగువాళ్లూ కోస్తా తెలుగువాళ్లూ పేరుకు రెండు ప్రభుత్వాల కింద ఉన్నా, ఒకే బండిలో ఎదురెదురు బల్లల మీద కూర్చుని మాట్లాడుకున్నారు. పెళ్లి సంబంధాలు కుదిరాయి, పుస్తకాలు, పత్రికలు చేతులు మారాయి, వర్తకం సాగింది. గ్రంథాలయాలు పెట్టినవాళ్లూ, సభలు నడిపినవాళ్లూ ఈ బండ్లలోనే తిరిగారు. ఆంధ్ర, తెలంగాణలు కలిసినప్పుడూ విడిపోయినప్పుడూ ఈ దారి మీద రాకపోకలు తగ్గలేదు.

ఇల్లందు బొగ్గు గురించి రెండు మాటలు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ అక్కడ బొగ్గు ఉన్నట్టు కనుగొన్నారు. నేలలో బొగ్గు ఉండటం వేరు, దాన్ని బయటికి తెచ్చి అమ్మడం వేరు. రైలు రాగానే 1889లో తవ్వకం ఊపందుకుంది. నేటి సింగరేణికి అదే మొదలు. బొగ్గు రైలును నడిపింది, రైలు బొగ్గును మోసింది. ఆ రెంటి మధ్య పెరిగిన ఊళ్లలో లక్షల మంది బతుకు దొరికించుకున్నారు.

ఊళ్ల సంగతి చెప్పడం మొదలుపెడితే ఆపలేం. కాజీపేట జంక్షనైంది. డోర్నకల్లు రైలు కూడలి కావడంతో మిషనరీలకు కేంద్రమై, 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య పీఠమైంది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు వెలిసింది. అక్కడ మూడు నాలుగు తరాలుగా ఒకే పనిలో ఉన్న కుటుంబాలున్నాయి. 1907లో నాంపల్లి స్టేషను భవనం, 1916లో కాచిగూడ స్టేషను వచ్చాయి. కాచిగూడ గుమ్మటాలను తలెత్తి చూడకుండా లోపలికి పోయే కొత్త ప్రయాణికుడు అరుదు. ఇంకొకవైపు మీటర్‌గేజ్ దారి మన్మాడ్ దాకా సాగింది. 1883లో గొడవకు కారణమైన చాందా దిక్కుకు దారి మాత్రం 1920ల చివరికి గానీ పూర్తి కాలేదు. కాజీపేట నుంచి బల్లార్షా చేరిన ఆ దారి మీదనే ఇవాళ ఢిల్లీకీ మద్రాసుకూ మధ్య రైళ్లు పరుగెడుతున్నాయి.

1930 ఏప్రిల్ 1న నైజాం సర్కారు కంపెనీని కొనేసింది. లండన్ బోర్డు పెత్తనం పోయి రైలు సొంత రాజ్యపు సొత్తయింది. రెండేళ్లకే, 1932లో, ఆ రైలు శాఖే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. మన ఆర్టీసీకి అదే పుట్టిల్లు. అంటే మన ఊరికొచ్చే ఎర్ర బస్సు కూడా ఈ పట్టాల సంతానమే. 1951లో దారి సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

ఇక ఈ రోజున ఆ దారిని కాపాడుతున్నవారికి. వడగాడ్పు మండే మే నెలలో పట్టా వ్యాకోచిస్తుందని తెలిసి, నెత్తిన తడిగుడ్డ వేసుకుని పొద్దున్నే సెక్షను నడిచి వచ్చే కీమన్‌కూ, వాన కట్టను కోస్తోందని రాత్రివేళ లాంతరు పట్టుకుని కాపు కాసే గ్యాంగ్‌మన్‌కూ, పాయింట్స్‌మన్‌కూ, గేటు దగ్గర ఒంటరిగా కూర్చునే గేట్‌మన్‌కూ, ఇంజిన్ క్యాబిన్‌లో రెప్పవేయని లోకో పైలట్లకూ, ప్లాట్‌ఫారం ఊడ్చే అక్కచెల్లెళ్లకూ, సామాను మోసే కూలీ అన్నలకూ, లాలాగూడ వర్క్‌షాపు కార్మికులకూ పేరుపేరునా శుభాకాంక్షలు. మీరు సెలవు పెట్టని పండుగ రోజుల వల్లనే మేము పండుగకు ఇల్లు చేరుతున్నాం. మీ పిల్లలు చల్లగా ఉండాలి. మీకు భద్రమైన పని, నిండైన పింఛను, తగినంత విశ్రాంతి దక్కాలి.

ఈ పండుగ సందర్భంగా దక్షిణ మధ్య రైల్వేకూ, తెలంగాణ ప్రభుత్వానికీ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ ఒక విన్నపం. 1870, 1883 ఒప్పందాల పాఠాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేసి అందరికీ అందుబాటులో పెట్టండి. 1883లో అడిగినవాళ్లకు అప్పుడు ఆ పత్రం చూపించలేదు, ఇప్పుడు వారి మునిమనవలకైనా చూపించండి. సికింద్రాబాదు, నాంపల్లి స్టేషన్లలో ఒక ఫలకం పెట్టండి. దాని మీద నిజాముల పేర్లూ దివానుల పేర్లూ ఉండనివ్వండి. వాటి పక్కనే అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం పేర్లు కూడా చెక్కండి. కట్ట పోసిన వడ్డెర కూలీలను తలుచుకుంటూ ఒక వాక్యం రాయండి. పాఠకులారా, మీ తాతలెవరైనా ఈ దారి మీద పని చేసి ఉంటే, వారి సర్వీసు కాగితాలూ ఫోటోలూ పెట్టెలో పాడవకుండా దగ్గరలోని గ్రంథాలయానికో, రైల్వే కార్యాలయానికో ఒక నకలు ఇవ్వండి.