ఫాస్ఫేట్‌ను కొలిచిన యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో చదివి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది, చివరికి ఎం.బి.బి.ఎస్. కాక ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది. అయినా హార్వర్డ్ చేరి, 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలోని ఫాస్ఫేట్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1948లో కన్నుమూశారు.

పిల్లలూ, ఫాస్ఫేట్ అంటే ఒక భాస్వరం, నాలుగు ఆక్సిజన్లు కలిసిన జట్టు. దాని ఆవేశం మైనస్ 3, కాల్షియంది ప్లస్ 2. రెండువైపులా 6 రావాలి కాబట్టి మూడు కాల్షియంలకు రెండు ఫాస్ఫేట్‌లు. జట్టునంతా బ్రాకెట్‌లో పెట్టి, బయట కింద 2 వేయాలి. మార్కులు పోయేది అక్కడే. తప్పితే మళ్లీ రాయండి.